వైద్యుని జాబు: చెప్పులో రాయి

పోయిన సంచికలో నిద్ర పట్టకపోవడం గురించి వ్రాశాను. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ మానండి, పడకగదిలో టీవీ పెట్టకండి అంటూ నాకు తెలిసిన నాలుగు సలహాలూ ఇచ్చి ఊరుకున్నాను. సంచిక అందిన వారానికి ఒక సోదరి ఫోను చేశారు.

"అన్నయ్యగారూ, మీరు వ్రాసినవన్నీ చేయించాను. మా వారికి నిద్ర పట్టకపోవడానికి కారణం కాఫీ కాదండీ. శనివారం గుడికి వెళ్ళి పాపసంకీర్తనం చేసి వస్తారు. వచ్చిన గంటకల్లా ఒకటి చెప్పడం మరిచిపోయానంటారు. కాసేపటికి, మరిచిపోలేదు గాని సరిగ్గా చెప్పలేదంటారు. ఆదివారం పూజలో సత్ప్రసాదానికి నన్నూ పిల్లల్నీ పంపించి తాను మాత్రం బల్ల మీదే కూర్చుంటారు. దీన్ని డాక్టరుకి చెప్పాలా, ఫాదరుగారికి చెప్పాలా?" అని అడిగారు.

ఫోనులో సగమే జవాబు చెప్పగలిగాను. మిగతా సగం ఆమె అనుమతితో ఇక్కడ వ్రాస్తున్నాను. సంపాదకులుగారు చలికాలపు దగ్గుల గురించి వ్రాయమన్నారు. దగ్గులు వచ్చే నెలకి కూడా ఉంటాయి కాబట్టి వారు మన్నించాలి. మన సంఘంలో క్రైస్తవ కుటుంబాలు తక్కువ, అందులో కథోలికులం ఇంకా తక్కువ. అయినా ఇది మా ఒక్కరి సంగతే కాదని చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. ఇంకొక మాట కూడా ముందే చెప్పేయాలి. ఈ జబ్బు గురించి నేను పుస్తకాల్లో చదివి మాత్రమే వ్రాయడం లేదు. నాకే ఉంది.

తెలియని వారి కోసం కొంచెం వివరం. పాపసంకీర్తనం అంటే చేసిన తప్పుల్ని గురువు ఎదుట నోటితో చెప్పుకుని, దేవుని పేర ఆయన ఇచ్చే క్షమాపణ అందుకోవడం. ఏడాదికి ఒక్కసారైనా చెయ్యాలన్న కట్టుబాటు 1215లో జరిగిన లాటరన్ మహాసభ నాటిది. చావైన పాపాలు, అంటే తెలిసి, కావాలని చేసిన పెద్ద తప్పులు, ఏమిటో, ఎన్నిసార్లో చెప్పాలి. చిన్నవి చెప్పడం మంచిదే గాని తప్పనిసరి కాదు. నిజంగా మరిచిపోయినవి కూడా మిగతా వాటితోపాటే క్షమింపబడతాయి. విన్న గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది చాలా తేలికైన పని. పది నిమిషాల్లో భుజం మీది బరువు దించుకుని ఇంటికి వెళ్ళి అన్నం తింటాడు.

కొందరికి ఆ బరువు దిగదు. దానికి ఇంగ్లీషులో వాడే 'స్క్రూపుల్' అన్న మాట లాటినులో మొనదేలిన చిన్న గులకరాయి పేరు. చెప్పులో పడిన రాయి అన్నమాట. చెప్పులో రాయి పెట్టే బాధ ఎంతటిదో వేమన్నగారు మనకి ఏనాడో చెప్పారు. పాతకాలపు మందుల కొట్లలో స్క్రూపుల్ ఒక తూకం కూడా. 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, అంటే సుమారు 1.3 గ్రాములు. మూడు స్క్రూపుళ్ళు ఒక డ్రాము. అంత చిన్న తూకం కూడా తేడా రాకూడదని రోజంతా త్రాసు ముందు కూర్చునే మనిషిని ఊహించుకోండి, జబ్బు స్వరూపం తెలిసిపోతుంది.

మన భాషలో దీనికి దగ్గర మాట చాదస్తం. వేదం చదువుకున్న ఛాందసుడి పేరు మీద పుట్టిన మాట చివరికి ఇలా స్థిరపడింది. గుంటూరులో మా పక్కింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. మడిబట్ట తీగె మీద ఆరేసి, కాకి రెక్క తగిలిందేమోనని మళ్ళీ తడిపేవారు. తగల్లేదని మేమందరం సాక్ష్యం చెప్పినా ఒప్పుకునేవారు కారు. మధ్యాహ్నం మూడింటికి గాని ఆమె నోట్లో మెతుకు పడేది కాదు. ఇంట్లో వాళ్ళు నవ్వుకునేవారు. ఆమె మాత్రం నవ్వేది కాదు, ఏడ్చేది. మతం వేరైనా ఆమె బాధా నా బాధా ఒకటేనని అప్పుడు నాకు తెలియదు.

నాకు ఎనిమిదో ఏట మొదలైంది. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదు. మంచినీళ్ళు తాగవచ్చు. పళ్ళు తోముకుంటుంటే కొంచెం పేస్టు మింగానేమో, అది తిన్నట్టేనేమో అని గుడిదాకా ఏడుస్తూ వెళ్ళాను. మా ఊరి విచారణ గురువులు పెద్దాయన. తెర వెనకనుంచి నా గొంతు వినగానే, "మళ్ళీ నువ్వేనా నాయనా! పేస్టు భోజనం కాదు. పో, పోయి సత్ప్రసాదం తీసుకో, ఇంటికెళ్ళి ఇడ్లీ తిను" అనేవారు. అంతే, తగ్గిపోయేది. ఆయనకి నేను తెలుసు, మా నాన్న తెలుసు, మా ఇంటి గేదె కూడా తెలుసు. నా పాపాలకన్నా ముందు నా స్వభావం ఆయనకి తెలుసు. ఆ ఒక్కటే నన్ను ఎన్నాళ్ళు కాపాడిందో ఇక్కడికి వచ్చాక గాని అర్థం కాలేదు.

కెనడా అన్న పేరు 'కనాటా' అనే ఇరొక్వా జాతుల మాట నుంచి వచ్చిందనీ, దానికి ఊరు అని అర్థమనీ మా అమ్మాయి బడి పుస్తకంలో ఉంది. నాకు మాత్రం ఈ కనాటాలో ఊరే దొరకలేదు. రెసిడెన్సీ రోజుల్లో అటు ఆసుపత్రి, ఇటు గుడి, రెండు చోట్లా ఒకటే తంతు. వార్డులో మందు మోతాదు వ్రాసి, ఇంటికి వచ్చి, సున్నా ఎక్కువ పెట్టానేమోనని రాత్రి పదకొండింటికి నర్సుకి ఫోను చేసేవాణ్ణి. సరిగ్గానే ఉంది డాక్టర్ అనేది. సరే అని పెట్టేసి, ఆమె నా రోగి కాగితమే చూసిందా, పక్క మంచం వాళ్ళది చూసిందా అని మళ్ళీ చేసేవాణ్ణి. శ్రద్ధ గల డాక్టరని పేరొచ్చింది. ఆ పేరు వినగానే, మోసం చేసి సంపాదించుకున్నానని ఇంకొక పాపం లెక్కలో చేరింది.

శనివారం మధ్యాహ్నం పాపసంకీర్తనాల వేళ. ఒక గుళ్ళో మూడున్నరకి, ఇంకో గుళ్ళో నాలుగుకి. పోయినవారం విన్న గురువు దగ్గరికే మళ్ళీ అదే పాపంతో వెళ్ళడానికి సిగ్గు వేసేది. అందుకని ఊరు మార్చి, గుడి మార్చి తిరిగేవాణ్ణి. ఒక శనివారం మంచు పడుతుంటే మిసిసాగాలో ఒకచోట, టొరాంటోలో రెండు చోట్ల, మొత్తం మూడు గుళ్ళలో అదే పాపం చెప్పాను. ఒకాయన తొందరలో ఉన్నాడు, వెనక పదిమంది ఉన్నారు, త్వరగా కానిమ్మన్నాడు. త్వరగా చెప్పాను కాబట్టి చెల్లదనుకున్నాను. ఇంకొకాయన కోప్పడ్డాడు. నా మనస్తాపం నిజం కాదని ఆయన కనిపెట్టాడనుకున్నాను. మూడో ఆయన ఎంతో దయగా, నీ మీద ఏమీ లేదు, నిశ్చింతగా వెళ్ళమన్నాడు. ఆ నిశ్చింత కారు తాళం తిప్పేదాకా ఉంది. నేను సరిగ్గా చెప్పలేదు కాబట్టే ఆయన అంత తేలిగ్గా తీసుకున్నాడన్న అనుమానం అప్పుడే వచ్చేసింది.

భాష ఒక అడ్డు. ఇంగ్లీషులో నా తప్పులు చెబుతుంటే రోగి కేసు చదివినట్టు ఉండేది. ఎప్పటినుంచి, ఎన్నిసార్లు, ఎంత తీవ్రత అన్నీ ఉండేవి గాని అందులో నేను ఉండేవాణ్ణి కాను. టొరాంటో అగ్రమేత్రాసనంలో వారం వారం 30కి పైగా భాషల్లో పూజలు జరుగుతాయి. అయినా తెలుగులో వినే గురువు ఆ రోజుల్లో నాకు దొరకలేదు.

ఇప్పుడు డాక్టరుగా ఒక మాట. ఈ దేశంలో ఫ్యామిలీ డాక్టరు దొరక్క వాకిన్ క్లినిక్కుల చుట్టూ తిరిగే కష్టం మీకు తెలుసు. ఎక్కడికి వెళ్ళినా కొత్త డాక్టరే. ఆ రోజు చెప్పిన దగ్గుకి ఆ రోజు మందు ఇస్తాడు. ఇదే దగ్గుతో మీరు ఆరు చోట్లకి వెళ్ళారని ఆయనకి తెలియదు. ఏ ఒక్కరి తప్పూ లేకుండానే అసలు జబ్బు ఎవరికీ కనపడదు. నేను చేసింది అదే. ప్రతి గురువుకీ ఒక పాపం చూపించాను. నలభై సార్లు చెప్పిన పాపమని ఎవరికీ చూపించలేదు. చూపించకుండా ఉండడానికే గుళ్ళు మార్చాను.

దీనికి వైద్యంలో అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓసీడీ, అని పేరు. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అంచనా. కొందరికి చేతులు కడుక్కోవడం, కొందరికి పొయ్యి ఆర్పామా లేదా అని చూడడం, మా బోటి వాళ్ళకి పాపం. అక్కర్లేని ఆలోచన ఒకటి వస్తుంది, గుండె దడదడలాడుతుంది, ఆ దడ తగ్గించుకోవడానికి ఒక పని చేస్తాం, కాసేపు తగ్గుతుంది. ఆ కాసేపటి హాయే అసలు ఉచ్చు. ఎన్నిసార్లు ఊరట దొరికితే అన్నిసార్లు ఇంకొంచెం కావాలనిపిస్తుంది. "ఏమీ లేదులే" అన్న మాట కూడా అలవాటు పడే మందే, మోతాదు పెరుగుతూ పోతుంది.

విచిత్రమేమిటంటే ఈ సంగతి మానసిక వైద్యులకన్నా ముందే గుళ్ళో కొందరికి తెలుసు. యేసుసభ స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా గారు 1522లో స్పెయినులోని మన్రేసా అనే ఊళ్ళో ఉన్నప్పుడు ఇదే బాధ పడ్డారు. అంతకు ముందే మూడు రోజులు పట్టే సంకీర్తనం వ్రాసి మరీ చేశారు. అయినా ఏదో మిగిలిపోయిందన్న భయం పోలేదు. మరీ స్పష్టంగా ఉన్నవి తప్ప పాతవి చెప్పవద్దని ఆయన గురువు అన్నారు. ఆయనకి అన్నీ స్పష్టంగానే ఉన్నాయి కదా, అందుచేత ఆ సలహా పని చెయ్యలేదు. గదిలో ఉన్న కంతలోంచి దూకి చావాలనిపించిందని తరవాత తన జీవితకథలో ఆయనే చెప్పించారు. వారం రోజులు అన్నపానాలు మానేస్తే, గురువు తినమని ఆజ్ఞాపించారు, తిన్నారు. రెండు రోజులు తేలికపడి మూడోరోజు మళ్ళీ మొదలైంది. చివరికి పాత పాపాలు ఇక ఎన్నడూ చెప్పనని ఒక నిర్ణయానికి వచ్చాకే బయటపడ్డారు. ఈ బాధ గురించి తన 'ఆధ్యాత్మిక సాధనలు' అన్న పుస్తకంలో ప్రత్యేకంగా కొన్ని సూచనలు కూడా వ్రాశారు. ఆయన సభవారే 18వ శతాబ్దంలో మన తెలుగునేలకి వచ్చారు.

ఇంకొకరు అల్ఫాన్సస్ లిగోరి గారు (1696–1787). ఇటలీవారు, పూర్వాశ్రమంలో లాయరు, 1732లో రిడెంప్టరిస్టు సభ స్థాపించారు. పాపసంకీర్తనం వినే గురువులందరికీ 1950లో ఆయన్ని పాలక పునీతుడిగా ప్రకటించారు. అంతటి ఆయనా జీవితమంతా ఈ చెప్పులో రాయితోనే నడిచారు. ఒక గురువు మాటకి కట్టుబడి ఉండడమే తనకి దారి అనుకున్నారు. ఆయన సభవారు 1964లో అమెరికాలో మిస్సోరి రాష్ట్రం నుంచి ఇలాంటి వాళ్ళ కోసమే ఒక చిన్న మాసపత్రిక మొదలుపెట్టారు, మన పత్రికలాగే నెలనెలా ఇంటికి వచ్చేది. చెప్పిన పాపం మళ్ళీ చెప్పవద్దు, అనుమానంగా ఉన్నది లెక్కలోకి తీసుకోవద్దు, నీ గురువు మాట విను అన్నవి వారి సూత్రాల్లో ముఖ్యమైనవి.

ఇదంతా చదివాక నాకు బుద్ధి వచ్చిందనుకుంటారేమో, రాలేదు. చదివినవాడికన్నా పక్కన ఉన్నవాడికి ముందు తెలుస్తుంది. మా ఆవిడ ఒకరోజు, "మీకు మంచి గురువు అక్కర్లేదు, ఒకే గురువు కావాలి" అంది. అప్పుడు వెదకడం మొదలుపెట్టాను. ఒక గుళ్ళో ఆఫీసులో ఉన్నావిడ, శనివారం వచ్చి వరసలో నిలబడమంది. ఒకాయన ఒప్పుకున్నాడు, ఆరు నెలల్లో బదిలీ అయిపోయాడు. మూడో ప్రయత్నంలో ఒక ముసలి గురువు దొరికారు. ఆయనా పరాయి దేశం నుంచి వచ్చినవారే, ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషుకన్నా అన్యాయం. ఆయన దగ్గర మొదటిసారి పాపాలు చెప్పలేదు. జబ్బు చెప్పాను. మూడు గుళ్ళ శనివారం గురించి చెప్పాను. ఆయన చాలాసేపు విని, "నువ్వు డాక్టరువి గదా, డాక్టరు దగ్గరికి వెళ్ళావా?" అని అడిగారు.

వెళ్ళలేదు. పిచ్చి డాక్టరు దగ్గరికి ఒక డాక్టరు వెళ్ళాడని మన వాళ్ళలో తెలిస్తే ఏమవుతుందోనని భయం. నా రోగుల్ని ఎంతమందిని నేనే పంపించానో లెక్కలేదు. ఆయన నాకు విధించిన మొదటి ప్రాయశ్చిత్తం సైకియాట్రిస్టుకి ఫోను చెయ్యడం. తరవాత నియమాలు పెట్టారు. నెలకి ఒక్కసారి, పది నిమిషాలు. ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా వద్దు. పాతవి ఎత్తకూడదు. పాపమో కాదో అనుమానం వస్తే కాదనే అర్థం. ఇంటికి వెళ్ళి సరిగ్గా చెప్పానా అని ఫోను చెయ్యకూడదు. చేస్తే తియ్యనన్నారు. నేను చేశాను. ఆయన తియ్యలేదు. ఆ రాత్రి నేను పడ్డ బాధ చెప్పలేను. తెల్లవారింది, ఆసుపత్రికి వెళ్ళాను, ఆకాశం విరిగి మీద పడలేదు. అంతకుముందు దయగా మాట్లాడిన ఎందరూ చెయ్యలేని మేలు ఆ తియ్యని ఫోను చేసింది.

సైకియాట్రిస్టు చేయించింది కూడా అదే పద్ధతి అని తరవాత తెలిసింది. భయపెట్టే దాని ఎదుట నిలబడి, ఊరట కోసం చేసే పని చెయ్యకుండా ఉండడం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు దీనికి దారి చూపించాడు. ఇప్పుడు ఓసీడీకి మొదటి వరస చికిత్సల్లో ఇదొకటి. మందులు కూడా ఉన్నాయి. ఎస్.ఎస్.ఆర్.ఐ. జాతి మందులు ఈ జబ్బులో పని చెయ్యడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. రెండు వారాలకే లాభం లేదని మానెయ్యకూడదు. నేను వాడాను, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఆ సోదరికీ, ఆమె భర్తకీ, ఇలాంటి వారు ఇంకా ఎవరైనా ఉంటే వారికీ నేను చెప్పేది ఇది. శనివారం వరసలో కాదు, ఆఫీసుకి ఫోను చేసి విడిగా సమయం అడగండి. మొదట పాపం కాదు, జబ్బు చెప్పండి. మీ విచారణ గురువుకే చెప్పాలన్న నిర్బంధం లేదు. ఇష్టమైన గురువుని ఎంచుకునే స్వేచ్ఛ 1983 నాటి ధర్మశాస్త్రం ఇస్తుంది. భాష రానివాళ్ళు దుబాసీ ద్వారా చెప్పుకోవడానికి కూడా అందులో వీలుంది, ఆ దుబాసీ కూడా గుట్టు దాచవలసిందే. ఆంధ్ర నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఈ సంగతి చెప్పండి, చాలామందికి తెలియదు.

ఒక మనిషి మాటకి తల ఒగ్గడం బానిసత్వం కాదా అని మీరు అడగవచ్చు. విరిగిన కాలికి సిమెంటు కట్టు వేస్తాం, అది కాలికి సంకెల కాదు గదా. ఎముక అతుక్కునేదాకా అంతే. కాని ఆ గురువు కూడా సరైనవారు కావాలి. ప్రతిసారీ వివరాలన్నీ తవ్వి అడిగేవారైనా, భయపెట్టేవారైనా, ప్రార్థన చాలు మందులు మానెయ్యమనేవారైనా, నమస్కారం పెట్టి ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో వాళ్ళకి ఒక మాట. "ఏమీ లేదులెండి" అని రోజుకి ఇరవైసార్లు చెప్పకండి. ప్రేమతోనే చెబుతారు, కాని అది రాయిని ఇంకా లోపలికి నెడుతుంది. "ఈ సంగతి మీ ఫాదరుగారితో అనుకున్నారు కదా" అని ఒక్కసారి చెప్పి, తినడానికి పిలవండి. ఇగ్నేషియస్ గారికి వచ్చిన లాంటి ఆలోచన ఎవరికైనా వస్తే నెలవారీ గురువు కోసం ఆగవద్దు. ఈ దేశంలో ఎక్కడినుంచైనా, ఏ వేళలోనైనా 988కి ఫోను చెయ్యవచ్చు.

మా అమ్మాయి రెండో తరగతి. ఇక్కడి కథోలిక బళ్ళలో ఆ ఏడే మొదటి పాపసంకీర్తనం. కిందటి వసంతంలో ఒక రాత్రి నిద్రపోకుండా నా దగ్గరికి వచ్చి, "నాన్నా, ఒకటి మరిచిపోతే ఏమవుతుంది?" అని అడిగింది. నా ఒళ్ళు చల్లబడింది. దానికి నా ముక్కు వచ్చిందని అందరూ అంటారు. ఇంకేమి వచ్చిందోనని ఆ క్షణంలో భయపడ్డాను. ఒక కాగితం తెచ్చి అన్నీ వ్రాయించాలనిపించింది. నా చెయ్యి సొరుగుదాకా వెళ్ళింది కూడా. ఆగి, "ఏమీ కాదమ్మా. మరిచిపోయినవి కూడా దేవుడు క్షమిస్తాడు. పడుకో" అన్నాను. ఒక్కసారే అన్నాను. అది వెళ్ళి రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నేను మాత్రం దాని గది గుమ్మంలో నిలబడి, సరిగ్గా చెప్పానా లేదా అని అరగంట ఆలోచించాను. తరవాత నేనూ వెళ్ళి పడుకున్నాను.

నాకు పూర్తిగా తగ్గలేదు. చెప్పులో రాయి ఇంకా ఉంది, అరిగి చిన్నదైంది. నెలనెలా పది నిమిషాలు ఆ ముసలాయన దగ్గరికి వెళుతున్నాను. పోయినసారి వెళ్ళినప్పుడు ఏడు నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన మూడు నిమిషాలూ ఆయన తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పారు.

వచ్చే నెల తప్పకుండా దగ్గుల గురించే. సెలవు.